కొలువూ, సంఘమూ, ఊరూ: మూడు పనులను ఒకే జీవితంలో నడపడం ఎలా?

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలను సర్కారు ఉద్యోగమే ఎందుకని అడిగితే చాలామంది తడుముకోకుండా ప్రజాసేవ కోసమని చెబుతారు. ఆ మాటను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఇరవై రెండేళ్లు గుమాస్తా పని చేసి, అందులో పద్నాలుగేళ్లు ఉద్యోగుల సంఘం లెక్కలు రాసి, తర్వాత స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఇటు పారిశుద్ధ్య కార్మికులతోనూ అటు చంద్రగిరి వైపు ఒక పల్లెతోనూ కలిసి పనిచేస్తున్న నేను కూడా ఒకప్పుడు ఆ మాటే అన్నాను. అయితే ఏది ముందు నేర్చుకోవాలో, ఏ గీత దాటకూడదో అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు. ఈ దారిలో నడవాలనుకునే మీకోసం ఆ వరసను ఇక్కడ రాస్తున్నాను.

ఈ మూడు పనులూ ఒకే మనిషి చేయగలడా అన్న సందేహం మీకుంటే వి.వి.గిరి గారి జీవితాన్ని గుర్తు తెచ్చుకోండి. ఆయన రైల్వే కార్మికుల సంఘాలను నిర్మించారు, 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు, 1937లో మద్రాసు రాష్ట్రంలో కార్మిక మంత్రి అయ్యారు, 1952లో కేంద్రంలో అదే శాఖ చేపట్టారు, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. ఈ పదవుల జాబితా కన్నా, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆయన కేంద్ర మంత్రి పదవిని వదులుకోవడం మన పనికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది. సంఘంలో నేర్చుకున్న పనిని ఆయన మంత్రిత్వంలోకి తీసుకెళ్లారు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చిన రోజున మాత్రం పదవిని పక్కన పెట్టారు. నేను చెప్పదలచినదీ అంతే: ఒకచోట నేర్చుకున్న పనిని మిగిలిన రెండు చోట్లకూ ధారాళంగా తీసుకెళ్లండి, ఒకచోటి అధికారాన్ని మాత్రం ఇంకోచోట వాడకండి.

కొలువు ఎంచుకునేటప్పుడు

జీతం స్కేలు చూసి కాకుండా, జనం నేరుగా మీ బల్ల ముందుకు వచ్చి నిలబడే కొలువును ఎంచుకోండి. పంచాయతీ కార్యదర్శి, సంక్షేమ వసతి గృహం వార్డెన్, కార్మిక శాఖలో సహాయ అధికారి, మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంట్, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థలోని ఏదో ఒక పోస్టు మన దారికి మంచి బడి. రాష్ట్ర సచివాలయ శాఖల్లో పైస్థాయి పోస్టు దొరికితే వద్దనమని కాదు. కాని అర్జీదారు ముఖం చూడకుండా ఫైలు మాత్రమే చూసేవారికి తర్వాత సంఘంలోనూ ఊళ్లోనూ చేయి తిరగడం కష్టమవుతుంది.

మొదటి మూడేళ్లలో సంఘం జోలికి వెళ్లకండి. ముందు ఫైలు నేర్చుకోండి. తపాలులో వచ్చిన కాగితానికి ఇన్‌వార్డ్ నంబరు ఎలా పడుతుందో, అది ఏ సెక్షనుకు ఏ రోజున చేరుతుందో, నోట్ ఫైలులో గుమాస్తా రాసిన రెండు వాక్యాలు పై అధికారి చేతిని ఎటు నడిపిస్తాయో గమనించండి. జీవో గురించి పక్క బల్లవారు చెప్పిన మాటను నమ్మకుండా అసలు జీవోను తెప్పించుకుని చివరి పేరా దాకా చదవండి, ఎందుకంటే మినహాయింపులు ఎక్కువగా ఉండేది అక్కడే. అర్జీ ఇచ్చిన ప్రతి మనిషికీ తేదీ, నంబరు వేసిన రసీదు ముక్క ఇచ్చే అలవాటు చేసుకోండి. మొదట్లో నేను ఆ పని బద్ధకంతో మానేసేవాణ్ణి. ఒకసారి పాకాల వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె తన పింఛను అర్జీ ఏమైందని మూడోసారి అడిగినప్పుడు, ఆ కాగితం మా కార్యాలయానికి వచ్చినట్టు చూపడానికి ఆమె దగ్గరా నా దగ్గరా ఏమీ లేకపోయింది. ఆమె మళ్లీ మొదటి నుంచి అర్జీ రాయించుకోవలసి వచ్చింది. సంఘంలో ఉండగా యాజమాన్యానికి ఇచ్చిన ప్రతి వినతిపత్రం నకలు మీద ముద్ర వేయించుకోవడం నాకు అలవడింది ఆమె వల్లనే.

మన ప్రాంతంలో పనిచేసేవారికి ఇంకో చదువు కూడా కావాలి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇళ్లలో తమిళం మాట్లాడేవారు చాలామంది ఉంటారు. అర్జీ తెలుగులో ఉన్నా, బాధ చెప్పుకునేది తమిళంలోనే. రాయడం రాకపోయినా పరవాలేదు, విని అర్థం చేసుకునేంత తమిళం నేర్చుకోండి. అలాగే 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయిన తర్వాత చంద్రగిరి, శ్రీకాళహస్తి వంటివి తిరుపతికి వచ్చాయి, పలమనేరు, కుప్పం వంటివి చిత్తూరులో ఉన్నాయి. పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అని ఉండి కొత్త కాగితాల్లో తిరుపతి అని ఉన్నవారికి ఆ రెండూ ఒకే ఊరని రుజువు చేసే బాధ్యత మీ బల్ల మీదే పడుతుంది.

నియమావళిని ముందే చదవండి

సంఘంలో చేరడానికి ముందు ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి, 1964ను ఒక సెలవు రోజున కూర్చుని మొత్తం చదవండి. రాజకీయాల్లో పాల్గొనడం, అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం, పత్రికలకు రాయడం, ఆస్తుల వివరాలు ఏటా సమర్పించడం గురించి అందులో స్పష్టంగా ఉంది. సంఘ నాయకులకు చార్జి మెమోలు వచ్చిన సందర్భాల్లో నేను చూసినంతవరకు, సమ్మె కన్నా ఇలాంటి చిన్న విషయాలే ఎక్కువగా సాకు అయ్యాయి.

హక్కు ఎంతవరకు ఉందో కూడా తెలుసుకోవాలి. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. 1962లో కామేశ్వర ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఉద్యోగులు శాంతియుతంగా నిరసన ప్రదర్శన చేయడాన్ని పూర్తిగా నిషేధించడం చెల్లదని చెప్పింది, అయితే సమ్మె చేయడం ప్రాథమిక హక్కు కాదని కూడా అదే తీర్పులో చెప్పింది. 2003లో రంగరాజన్ కేసులో, తమిళనాడు ఉద్యోగుల సమ్మె సందర్భంగా, ఆ రెండో మాటను ఇంకా గట్టిగా చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య మీకు మిగిలిన చోటు ఇరుకైనదే, కాని ఖాళీ మాత్రం కాదు: భోజన విరామంలో ప్రదర్శన, నల్ల బ్యాడ్జీలు, ప్రతినిధి బృందంగా వెళ్లి వినతిపత్రం ఇవ్వడం, చర్చల మినిట్స్ రాతపూర్వకంగా అడగడం వంటివన్నీ ఆ చోటులోనే జరుగుతాయి. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులైనప్పుడు వారికి జీత భద్రత వచ్చింది. దానితో పాటు, ఫ్యాక్టరీ కార్మికుల మాదిరి బేరమాడడానికి అలవాటుపడిన యూనియన్లు ఈ ఇరుకు చోటులో ఇమడడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. తిరుపతి డిపోలో మీకు తెలిసిన పాత కండక్టరు ఎవరైనా ఉంటే అడగండి, ఆ తేడాను నాకన్నా బాగా చెబుతారు.

ఇంకో ముఖ్యమైన గీత ఉంది. సర్కారు కొలువులో ఉంటూ బయటి కార్మికుల యూనియన్‌కు ప్రధాన కార్యదర్శి కావాలని మీకు అనిపించవచ్చు. కాని ఆ పరిశ్రమతో సంబంధం లేని లాభదాయక ప్రభుత్వ పదవిలో ఉన్నవారు, మంత్రులు రిజిస్టరైన యూనియన్ కార్యవర్గంలో ఉండరాదని ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ నుంచి చట్టంలో ఉంది. కొలువులో ఉన్నంతకాలం మీ శాఖ ఉద్యోగుల సంఘానికి పరిమితం కండి; బయటివారికి చట్టం చదివి వినిపించండి, అర్జీ ఎలా రాయాలో నేర్పండి, కాని వారి పదవులు తీసుకోకండి.

అధ్యక్షుడిగా కాదు, కోశాధికారిగా చేరండి

సంఘంలో చేరగానే వేదిక మీద కుర్చీ ఇస్తామంటారు. వద్దని చెప్పి కోశాధికారి పని అడగండి, దానికి పోటీ ఉండదు. సంఘం ఎలా బతుకుతుందో, ఎక్కడ నీరసపడుతుందో చందా పుస్తకం చూపినంత స్పష్టంగా ఉపన్యాసాలు చూపవు. ఏ సెక్షనులో చందాలు ఆగిపోయాయో అక్కడ ఎవరికో మాట ఇచ్చి తప్పి ఉంటారు.

ఆ పనిలో నేను చేసిన తప్పు చెబుతాను. కోశాధికారిగా మొదటి ఏడాది, సంఘం గది మరమ్మతుకు మనిషికి రెండు వందల చొప్పున వసూలు చేయాలని తీర్మానించాం. యాభై కాగితాలున్న రసీదు పుస్తకాలు ఆరు అచ్చు వేయించి, ఏ పుస్తకం ఎవరికి ఇచ్చానో ఎక్కడా రాసుకోకుండా పంచేశాను. తిరిగి వచ్చినప్పుడు ఒక పుస్తకంలో నలభై ఏడు కౌంటర్‌ఫాయిళ్లే ఉన్నాయి. మధ్యలో మూడు ఆకులు కుట్టు దగ్గర నున్నగా చింపి ఉన్నాయి. ఆ పుస్తకం ఎవరి దగ్గరుందని అడిగితే ఇద్దరు ఒకరి వైపు ఒకరు చూపారు. ఆరు వందలు నా జేబు నుంచి కట్టాను, అది పెద్ద మొత్తం కాదు. కాని తర్వాతి సర్వసభ్య సమావేశంలో వెనక వరుస నుంచి ఒకాయన లేచి, "ఆ మూడు రసీదులు ఎవరి పేరున చింపారో కొంచెం చెప్పండి సార్" అని మర్యాదగా అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. పుస్తకం ఇచ్చేటప్పుడు వరుస నంబర్లు రాసి సంతకం తీసుకోవడం, పాడైన రసీదును చింపకుండా అడ్డంగా గీత గీసి పుస్తకంలోనే ఉంచడం, వచ్చిన సొమ్మును మర్నాటికల్లా బ్యాంకులో వేయడం, నెలాఖరున జమాఖర్చుల కాగితాన్ని నోటీసు బోర్డు మీద అంటించడం. ఈ నాలుగూ నాకు తర్వాత కార్మికుల యూనియన్‌లోనూ ఊరి సొసైటీలోనూ యథాతథంగా పనికొచ్చాయి.

మినిట్స్ పుస్తకం గురించి ఒక్క మాట. సమావేశం ముగిసి అందరూ వెళ్లాక తీరిగ్గా రాద్దామని ఎప్పుడూ అనుకోకండి. తీర్మానాన్ని అక్కడే రాసి, అక్కడే చదివి, కింద ఖాళీ జాగా మిగలకుండా గీత గీసి సంతకాలు తీసుకోండి. ఖాళీ జాగా ఉంటే తర్వాత అందులో ఏదో ఒకటి వచ్చి చేరుతుంది.

బయటి కార్మికుల దగ్గరికి వెళ్లినప్పుడు జీతం చీటీతో మొదలుపెట్టండి

ఇరవై ఏళ్ల అర్హత సర్వీసు పూర్తయిన ఉద్యోగి మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి 1980 నాటి రాష్ట్ర పింఛను నియమాలు అవకాశం ఇస్తాయి. 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరినవారికి ఆ పాత పింఛను లేదు కాబట్టి, వారు ఈ నిర్ణయం తీసుకునే ముందు ఇంట్లో భార్యతోనో భర్తతోనో కూర్చుని ఇంటి లెక్క రెండుసార్లు వేసుకోవాలి. ఇల్లు గడవనివారు చేసే సేవ కొన్నాళ్లకు చందాల మీద పడుతుంది.

కొలువు వదిలిన తర్వాత కార్మికుల దగ్గరికి వెళ్లేటప్పుడు జెండాతో కాకుండా ఒక కలం, ఒక కాగితంతో వెళ్లండి. మన పట్టణంలో పారిశుద్ధ్య కార్మికులు తెల్లవారకముందే మస్టరు దగ్గర చేరతారు. మేస్త్రీ హాజరు వేసుకునే ఆ పావుగంటలో ఉపన్యాసం వినే ఓపిక ఎవరికీ ఉండదు. కాని ఎవరైనా పోయిన నెల జీతం వివరం చూపిస్తే, దాన్ని వీధి దీపం కింద చదివి వినిపించండి. నా దగ్గరికి మొదట వచ్చినామె పమిట కొంగులో మడిచిన కాగితం తీసి, "ఇందులో ఏం కోసినారో చూడు సారూ, నాకు లెక్క కుదరలా" అని అడిగింది. ఆ లెక్క మీరూ నేర్చుకోవాలి.

ఉదాహరణకు పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) లెక్కగట్టే వేతనం 15,000 రూపాయలనుకోండి. కార్మికుడి వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐలో కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే 112.50, పై రూపాయికి సరిచేస్తే 113. చేతికి రావలసినది 13,087. యాజమాన్యం తన వాటాగా పీఎఫ్‌కు ఇంకో 1,800, ఈఎస్ఐకి 3.25 శాతం చొప్పున 488 వేరుగా కట్టాలి. ఇప్పుడు కాంట్రాక్టరు ఆ రెండు వాటాలనూ కార్మికుడి జీతంలోంచే కోస్తే చేతికి వచ్చేది 10,799. తేడా నెలకు 2,288 రూపాయలు. చేతికి వచ్చిన అంకె చూడగానే ఈ తప్పు జరిగిందో లేదో మీకు తెలిసిపోవాలి. తర్వాత యూఏఎన్ అనే కార్మికుడి పీఎఫ్ నంబరుతో పాస్‌బుక్ తెరిచి, కోసిన సొమ్ము నెలనెలా జమ అయిందో లేదో చూడండి. కోసి కట్టకపోవడం ఇంకా పెద్ద తప్పు. కాంట్రాక్టు ఒప్పందం నకలును పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. ఒప్పందంలో యాజమాన్య వాటా రేటులో కలిపి ఉన్నట్టు తేలితే మీ వాదన సగం గెలిచినట్టే, ఎందుకంటే ఒకే వాటాను ఇటు ప్రభుత్వం దగ్గరా అటు కార్మికుడి దగ్గరా తీసుకున్నట్టు కాగితమే చెబుతుంది.

ఫైలు చదవడం వచ్చినవారికి ఇదంతా తేలికే. నేను కొలువులో ఇరవై రెండేళ్లు వృథా చేశానని కొందరు యూనియన్ మిత్రులు ఎగతాళి చేస్తారు గాని, ఆ ఒప్పందంలో ఏ పేరా చూడాలో నాకు నేర్పింది ఆ కొలువే.

యూనియన్ నమోదు, బేరం

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న మిగిలిన మూడు కార్మిక కోడ్‌లతో పాటు అమలులోకి వచ్చింది. నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు దరఖాస్తు చేయాలి. ఆ సంస్థలోని కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులై ఉండాలి. పాత చట్టంలోని ఈ లెక్క కోడ్‌లోనూ కొనసాగింది. అసంఘటిత రంగమైతే కార్యవర్గంలో కనీసం సగం మంది ఆ పని చేసేవారే ఉండాలి. నా సలహా ఏమిటంటే, చట్టం సగం అన్నా మీరు ముప్పాతిక మందిని వారిలోంచే తీసుకోండి, మీరు మాత్రం సలహాదారుగా ఉండండి. నిబంధనావళిలో చందా ఎంత, ఖర్చుకు ఎవరెవరి సంతకం కావాలి, సంఘం రద్దయితే ఆస్తి ఏమవుతుంది అన్న మూడు విషయాలూ సందేహం లేకుండా రాయండి. వార్షిక లెక్కలు రిజిస్ట్రారుకు పంపడం మరచిపోతే నమోదు రద్దయ్యే ప్రమాదం ఉంది, చాలా చిన్న యూనియన్లు అక్కడే తలకిందులవుతాయి.

కొత్త కోడ్‌లో చర్చలకు కూర్చునే హక్కు బలాన్ని బట్టి వస్తుంది. సంస్థలో ఒకటికి మించి యూనియన్లు ఉంటే, హాజరు పట్టీలోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియన్ ఏకైక చర్చల యూనియన్ అవుతుంది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం లేదా అంతకు మించి మద్దతున్న యూనియన్ల ప్రతినిధులతో మండలి ఏర్పడుతుంది. పది జెండాల కింద చీలిన చోట దీని అర్థం ఏమిటో మీకు తెలుస్తూనే ఉంది. పక్క యూనియన్‌వారితో టీ తాగడం ఈ రోజుల్లో మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా. సమ్మె నోటీసు ఇచ్చిన తర్వాత 14 రోజుల లోపు సమ్మె చేయరాదు, రాజీ చర్చలు నడుస్తుండగానూ చేయరాదు. సగం మంది లేదా అంతకు మించి కూడబలుక్కుని ఒకేసారి సెలవు పెట్టినా దాన్ని సమ్మెగానే లెక్కిస్తారు. ఈ మాట తెలియక సామూహిక సెలవు తెలివైన ఉపాయమని అనుకునేవారు ఇంకా ఉన్నారు.

బేరానికి కూర్చున్నప్పుడు మొదటి కోరికగా పెద్దదాన్ని పెట్టకండి. చేతి తొడుగులు, సబ్బు, కొబ్బరినూనె, వారానికి ఒక సెలవు, నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడటం వంటివి ముందు అడగండి. చివరిది వేతన కోడ్‌లోనే ఉంది కాబట్టి అది కోరిక కూడా కాదు. ఇలాంటివి ఒకటి రెండు సాధించిన తర్వాత మస్టరు దగ్గర మీ మాట వినేవారి సంఖ్య దానంతటదే పెరుగుతుంది. కుదిరిన ప్రతి ఒప్పందాన్నీ రాయించి, కార్మిక శాఖ అధికారి సమక్షంలో సంతకాలు చేయించండి. కోర్టుకు వెళ్లవలసి వస్తే భయపడనవసరం లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలు, దళితులు, గిరిజనులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో పని వేరే రకం. తోతాపురి కాయ దిగే కొద్ది నెలలే అక్కడ పని ఉంటుంది, ఆడవాళ్లు ఎక్కువ. సీజను మొదలయ్యాక సభ్యత్వం రాయిద్దామనుకుంటే ఎవరికీ తీరిక దొరకదు. ఉగాది ముందే వాళ్ల ఊళ్లకు వెళ్లి రాయించుకోవాలి. అలా ఊళ్లకు తిరగడం మొదలుపెట్టాకే, జీతం సమస్య అనుకున్నది చాలాచోట్ల తాగునీటి సమస్యగానో పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి రావాలన్న సమస్యగానో ఉన్నట్టు నాకు తెలిసింది.

ఊళ్లో అడుగుపెట్టేటప్పుడు

ఊరికి మీరు ఉద్యోగిగానూ వెళ్లకండి, యూనియన్ నాయకుడిగానూ వెళ్లకండి. మాజీ ఉద్యోగి అనగానే మీ చేత పనులు చేయించుకోవచ్చనుకుంటారు, యూనియన్ అనగానే రైతులు తమ కూలీ రేట్లు పెంచడానికి వచ్చారనుకుంటారు. మొదటి ఆరు నెలలు వినండి. తిరుపతిలో 1981లో మొదలైన రాష్ట్రీయ సేవా సమితి వంటి సంస్థలు మన చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాయి. వాటి పాత కార్యకర్తలు దొరికితే వారితో ఒక పూట కూర్చోండి, ఏ పల్లెలో ఏ పని ఎందుకు ఆగిందో చెబుతారు.

తర్వాత గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాలను పంచాయతీల పరిధిలో పెట్టింది; 1994 నాటి రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను ఏడాదికి కనీసం రెండుసార్లు జరపమంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకే రోజున సభలు జరిగినప్పుడు మా పల్లెలోనూ జరిగింది. నేను వెనక నిలబడి సంతకాల పుస్తకం ఏ వరుసలో తిరుగుతోందో చూశాను. ముందు కుర్చీల వారి దగ్గర మొదలై, నేల మీద కూర్చున్న మగవారి దాకా వచ్చి, వేపచెట్టు అవతల ఎండలో నిలబడిన ఆడవాళ్ల దగ్గరికి చేరకముందే మూతబడింది. వాళ్లది దళితవాడ, వాళ్ల బోరు మోటారు కాలి నెల దాటింది. పుస్తకం అక్కడికి వెళ్లలేదు కాబట్టి ఆ మాట తీర్మానంలోకి ఎక్కలేదు. తర్వాతి సభకు ముందు మేం చేసిన పని ఒక్కటే: మోటారు అర్జీని పొదుపు సంఘం తీర్మానంగా రాయించి, కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని, సభలో ఆ నంబరు చదివి ఏమైందని అడిగించాం. అడిగింది నేను కాదు, సంఘం రెండో లీడరు. తీర్మానం అయింది, మోటారు మూడు వారాల్లో వచ్చింది. రాకపోతే సోమవారం తిరుచానూరు దగ్గరి కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అదే నకలుతో వెళ్లేవాళ్లం.

సభ ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయం కాదు. గుడి ముందు పెడితే రాని వారు ఉంటారు, పెద్దింటి అరుగు మీద పెడితే వచ్చినా నోరు విప్పని వారు ఉంటారు. బడి ఆవరణ ఉత్తమం. వీలైతే ఒక సభను దళితవాడలోనో యానాదుల కాలనీలోనో పెట్టించండి. ఎవరి ఇంట్లోనైనా అప్పు కింద మనిషి వెట్టికి వెళ్లినట్టు తెలిస్తే అది ఊరి పంచాయితీలో తేల్చే విషయం కాదు. 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం కింద రెవెన్యూ అధికారికి రాతపూర్వకంగా తెలిపి, విచారణ జరిపించి, విడుదల పత్రం చేతికి వచ్చేదాకా వెంట ఉండాలి, ఎందుకంటే పునరావాసం ఆ పత్రం మీదే ఆధారపడి ఉంటుంది. ఈ చట్టాన్ని కాగితం మీది నుంచి పల్లెల్లోకి తెచ్చిన అధికారుల్లో ఎస్.ఆర్.శంకరన్ గారు ముందు వరుసలో ఉంటారు. ఆయన కొలువు ముగిశాక పాకీ పని నిర్మూలనకు పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంస్థకు అండగా నిలిచారు, 2005లో పద్మభూషణ్ వద్దన్నారు. కొలువులో చేసిన పని, బయట చేసిన పని ఆయన విషయంలో వేరు చేయడం కష్టం.

ఊళ్లో శాశ్వతంగా ఒక పని నడవాలంటే సంస్థ కావాలి. సేవా పనికైతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురితో సొసైటీ పెట్టుకోవచ్చు. పాలు, పొదుపు, విత్తనాల వంటి వ్యాపారమైతే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మేలు, అందులో ప్రభుత్వ వాటా ధనం ఉండదు, కాబట్టి పెత్తనమూ తక్కువ. సహకారం అన్న మాట వినగానే మన జిల్లా రైతులు 2002లో మూతపడిన చిత్తూరు సహకార డెయిరీని తలచుకుని మొహం చిట్లిస్తారు. అప్పుడు వాదించకండి, నెలవారీ జమాఖర్చులను పాల కేంద్రం గోడ మీద అంటించండి. నేను ముందు చెప్పిన రసీదు పుస్తకం పద్ధతి ఇక్కడ మళ్లీ వస్తుంది.

ఎన్నికల పిలుపు వచ్చినప్పుడు

కార్మికులూ ఊరూ మీ మాట వింటున్నట్టు తెలియగానే ఏదో ఒక పార్టీ వారు కబురు పంపుతారు. పోటీ చేయడం తప్పు కాదు. కాని పోటీ చేయాలనుకుంటే నామినేషనుకు చాలా ముందే యూనియన్‌లోనూ సొసైటీలోనూ ఉన్న పదవులకు రాజీనామా ఇచ్చి, లెక్కలు అప్పగించి, కొత్తవారిని ఎన్నుకోనిచ్చి తర్వాత వెళ్లండి. యూనియన్ సాధారణ నిధిలోంచి ఎన్నికలకు పైసా ఖర్చు పెట్టకూడదు. రాజకీయ పనికి వేరే నిధి ఉండాలనీ, దానికి చందా ఇమ్మని సభ్యులను బలవంతపెట్టరాదనీ చట్టంలోనే ఉంది. నన్ను ఒకసారి వార్డుకు నిలబడమన్నారు. ఇంట్లో అడిగితే మా ఆవిడ, "మస్టరు దగ్గర ఎవరు చదువుతారు మరి?" అని మాత్రం అంది. నేను నిలబడలేదు. మీ సంగతి వేరు కావచ్చు.

అప్పగింత

ప్రతి పదవినీ చేపట్టిన రోజునే వదిలే తేదీ కూడా మినిట్స్‌లో రాయించండి, రెండు దఫాలకు మించి తీసుకోకండి. మీ తర్వాత వచ్చే మనిషిని కనీసం ఏడాది ముందు పక్కన కూర్చోబెట్టుకుని, చర్చలకు వెంట తీసుకెళ్లి, రెండోసారి నుంచి అతన్ని గానీ ఆమెను గానీ మాట్లాడనిచ్చి మీరు రాసుకుంటూ కూర్చోండి. అప్పగింత నోటిమాటగా జరగకూడదు. మినిట్స్ పుస్తకాలు ఎన్ని, వాటిలో చివరి తీర్మానం నంబరు ఎంత, వాడని రసీదు పుస్తకాలు ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు, బ్యాంకు పాస్‌బుక్‌లో చివరి నిల్వ, నమోదు పత్రం అసలు, పెండింగ్‌లో ఉన్న అర్జీల నకళ్లు ముద్రలతో సహా, ఎవరికి ఏ మాట ఇచ్చారో ఆ జాబితా. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, సాక్షిగా ఒక సాధారణ సభ్యుడు సంతకం చేయాలి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి, మిగతావన్నీ బీరువా తాళం చెవితో సహా ఇచ్చేయండి.